కత్తి పట్టని చెయ్యి

ఆగస్టు పదిహేడవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు వృక్షశాస్త్ర విభాగపు మేడమీది ప్రయోగశాలలో హాజరైనవారు, వారు ఆసీనులైన క్రమంలో: కిటికీ పక్కన ఎత్తు బల్ల దగ్గర విభాగాధిపతి ఆచార్య గంటి సోమయాజులు గారు, ఆయనకు కుడివైపున, నిలబడి, ముప్పై ఏళ్లుగా ఆ గదికి తాళం తీస్తున్న సహాయకుడు సింహాద్రి, ఎదురుగా పొడవాటి బల్ల వెంబడి, ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకుల వరసలో, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఆనాడే చేరిన ఏడుగురు విద్యార్థులు. మొదటి పీట మీద కాకినాడ నుంచి వచ్చిన అయ్యగారి కాత్యాయని. ఏడవ పీట మీద, తలుపు పక్కన, రాజాం నుంచి వచ్చిన నాగావళి. నడుమనున్న అయిదుగురూ మంచి పిల్లలే గాని, వారి పేర్లతో ఈ కథకు పని లేదు.

ఆ విభాగంలో కొత్తవారికి ఉపన్యాసాలతో స్వాగతం చెప్పే అలవాటు లేదు. ఒక పరీక్షతో చెబుతారు. ప్రతి విద్యార్థీ లేత ఆముదపు కాండాన్ని ఎడమచేత పట్టుకొని, కుడిచేత కత్తి పట్టి, అడ్డంగా పలుచటి పొర ఒకటి కోయాలి. కత్తి అంటే బ్లేడు కాదు. పిడిలోకి మడుచుకునే పాతకాలపు మంగలి కత్తి. కోసిన పొరను నీళ్లున్న గాజుపళ్లెంలో వేసి ఆచార్యులవారి బల్ల దగ్గరికి తీసుకువెళ్లాలి. ఆయన పళ్లెం కింద ఆనాటి దినపత్రిక పరుస్తారు. పొర గుండా అక్షరం చదవగలిగితే విద్యార్థి నిలిచినట్టు. చదవలేకపోతే పళ్లెంలోది సింకులోకి పోతుంది.

కాత్యాయని మొదట లేచింది. ఆమె వేళ్లలో పన్నెండేళ్ల సాధన ఉంది. తండ్రి సూర్యప్రకాశం గారు కాకినాడలో జూనియర్ కళాశాల అధ్యాపకులు. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఆయన ఇదే గదిలో ఇదే పీట మీద కూర్చున్నారు. అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన సోమయాజులు గారు ఆయన కోసిన పొరను అందరి ఎదుటా పైకెత్తి చూపి, “ఇది సెక్షన్ కాదయ్యా, కట్టెపుల్ల” అని సింకులో పారబోశారు. ఆ మాట ఆయన మరిచిపోలేదు, కూతురిని మరవనివ్వలేదు. తొమ్మిదో ఏటి నుంచి ఆ పిల్ల బడి నుంచి రాగానే వంటింటి గడప మీద కూర్చొని బంగాళాదుంపలు కోసేది, కూర కోసం కాదు.

“ఊఁ. చదవవచ్చు,” అన్నారు ఆచార్యులవారు కళ్లద్దాలు సవరించుకొని. “ఎవరి అమ్మాయివి?”

“సూర్యప్రకాశం గారి అమ్మాయిని సార్.”

“ఓహో, కట్టెపుల్ల!” ఆయన చిన్నగా నవ్వారు. “మీ నాన్న కంటే నయం.”

పన్నెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన వాక్యం అదే. సాయంత్రం తండ్రికి ఫోనులో దాన్ని ఏ గొంతుతో వినిపించాలో కూడా పీట దగ్గరికి తిరిగి వచ్చేలోపే నిర్ణయించుకుంది. కాని ఆ ఆనందానికి అరగంట ఆయుష్షు కూడా దక్కలేదు. ఏడవ పీట వంతు వచ్చింది.

“పళ్లెంలో ఏమీ లేదే! కోశావా, ఒట్టి నీళ్లు మోసుకొచ్చావా?”

“ఉందండి సార్. కుంచెతో ఓసారి కదపండి,” అంది నాగావళి.

ఆయన కుంచె ముంచారు. నీటి మీద ఊపిరి పోసినట్టు ఒక వలయం కనిపించీ కనిపించకుండా కదిలింది. దినపత్రికను జరిపి, అక్షరాల పరిమాణం తగ్గించుకుంటూ పోయి, చివరికి అడుగున చీమతలకాయలంత అచ్చులో ఉన్న టెండరు ప్రకటన దగ్గర ఆగారు. కుళాయి గొట్టాల సరఫరా గురించిన ఆ ప్రకటనను ఆ పొర గుండా మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు.

“ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

“మా నాన్న సెలూన్లో సార్. రాజాం బస్టాండుకి ఎదురుగా. మా నాన్నకి కొడుకుల్లేరు. కత్తులు సాన పట్టడం నాదే, తాతకి గెడ్డం గీయడం నాదే.”

నడుమ పీటల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

“నవ్విందెవరో నాకక్కర్లేదు,” అన్నారు ఆచార్యులవారు తల ఎత్తకుండానే. “నాగావళి భోజనానికి వెళ్లవచ్చు. మిగతా ఆరుగురూ ఇంకొక పాతిక కోసి వెళ్లండి.”

కాత్యాయని నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ శిక్షకు కనీసం ఒక అర్థముండేది. పాతిక పొరలు కోస్తున్నంతసేపూ ఆమె చూపు పళ్లెం మీద లేదు. తలుపు పక్కన ఖాళీగా ఉన్న ఏడవ పీట మీద ఉంది.

మధ్యాహ్నం తొడుగు బయటికి వచ్చింది.

దాని శాస్త్రీయనామం కరస్మృతి. మణికట్టు నుంచి మోచేతి దాకా వచ్చే బూడిదరంగు నేత, దాని వెంట ఒక చిన్న పెట్టె. ఆచార్యులవారు తన వేళ్లు వణకడం మొదలుకాక ముందు, ఏడేళ్ల క్రితం, దాన్ని తొడుక్కొని వెయ్యి పొరలు కోశారు. కండరంలో పుట్టిన ప్రతి కదలికనూ అది గుర్తుంచుకుంది. ఇప్పుడు ఇంకొకరి చేతికి తొడిగితే ఆ కదలికలనే ఆ చేతిచేత పలికిస్తుంది. కొండల మీది కాఫీ తోటలను మాడ్చేస్తున్న ఎండుతెగులు గుట్టు బతికున్న కాండంలో తప్ప కనిపించదు. కోత యంత్రంలో పెట్టాలంటే కాండాన్ని గడ్డకట్టించాలి, గడ్డకట్టించాక అది బతికి ఉండదు. కనుక ఆ పనికి మనిషి చెయ్యే కావాలి. అలాంటి చెయ్యి లోకంలో అరుదైపోతున్నదని ఆచార్యులవారి బెంగ. మొదటి సెమిస్టరు ప్రాక్టికల్ పరీక్షలో ప్రథమస్థానం వచ్చిన ఒక్కరికి ఆయన పరిశోధనశాలలో చోటు. ఆ చోటు సూర్యప్రకాశం గారికి దక్కలేదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కాత్యాయని దాని కోసమే బయలుదేరింది.

తొడుగు బిగించగానే ఎవరో తన చేతిలోకి దిగి, స్థిమితంగా సర్దుకొని కూర్చున్నట్టు అనిపించింది ఆమెకు. కత్తి దానంతట అది నడిచింది. పొరలు తేటగా రాలాయి. తన తండ్రి పొరను సింకులో పారబోసిన చెయ్యే ఇప్పుడు తన మణికట్టులో ఉన్నదని తోచింది. కాని తీసేయబుద్ధి కాలేదు.

ఇరవై నిమిషాలకు గంట మోగింది. సింహాద్రి వచ్చి కట్టు విప్పాడు.

“ఇంకో పది నిమిషాలు ఉంచకూడదా?”

“వద్దమ్మా. రాసిన పలక మీద మల్లీ రాసినట్టే ఇది. పైన రాసీకొద్దీ కిందది సెరిగిపోద్ది,” అన్నాడతను. “నేను తాటాకు బుట్టలల్లేవోణ్ణి. సారు తొలుత నా సేతికే తొడిగి సూసినారు, గంటలకి గంటలు. సెక్షన్లు బాగానే కోసినాను. ఇప్పుడు తాటాకు పట్టుకుంటే నా ఏళ్లకి దారి దొరకదు.” ఆ మాట వేరెవరి గురించో చెబుతున్నట్టు చెప్పి, తొడుగు మడతపెట్టాడు.

ఆరుగురికీ ఆ రోజుతో పొరలు మెరుగయ్యాయి. నాగావళికి మాత్రం చెడిపోయాయి. తొడుగు వేసుకొని ఆమె కోసినవి అందరివాటిలాగే ఉన్నాయి.

“నా చెయ్యి పట్టుకుని ఎవరో దిద్దిస్తున్నట్టుందండి,” అంది మొహమాటంగా.

ఆచార్యులవారు స్వయంగా ఆమె కట్టు విప్పారు. “నీకు నా చెయ్యి అక్కర్లేదు. నీ చెయ్యే మాకు కావాలి. శుక్రవారం దాన్ని నమోదు చేద్దాం. యంత్రం దగ్గర ఎవరు కూర్చుంటారు? రిజిస్టరు శుభ్రంగా రాసేవాళ్లు కావాలి.” ఆయన చూపు కాత్యాయని రికార్డు పుస్తకం మీద పడింది. “నీ దస్తూరీ ముత్యాలు పేర్చినట్టుంది. నువ్వు కూర్చో.”

ఆమె ప్రథమర్యాంకుకు ఆ విశ్వవిద్యాలయంలో లభించిన మొదటి గౌరవం, ఇంకొకరి చెయ్యి గొప్పదని రిజిస్టరులో రాయడం.

హాస్టలులో మొదటి ర్యాంకువారికి, చివరి ర్యాంకువారికి ఒకే గది. మొదటివారు చివరివారికి పాఠం చెబుతారని ఆ ఏర్పాటు. నాగావళి పాఠాలు చెప్పించుకుంది కూడా. తెలియనిది తెలియదనడానికి ఆమెకు సిగ్గు లేదు. అదీ కాత్యాయనికి కంటగింపే. ఆమె పడుకోగానే నిద్రపోవడం, మెస్సులో వంటావిడ ఆమెను చూడగానే ఇంకో గరిటె పప్పు వెయ్యడం, ఇస్త్రీ లేని చున్నీ కూడా ఆమె భుజం మీద చక్కగా నిలవడం, ఇవన్నీ కాత్యాయని మనసులో ఒకదాని పక్కన ఒకటి చేరాయి. తన కళ్లలో తానే నిప్పులు పోసుకుంటున్నానని తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గదు.

తండ్రి రోజూ ఫోను చేసేవారు. “ఏమ్మా, ఫస్టేనా?”

“ఫస్టే నాన్నా.”

“సోమయాజులు ఏమంటున్నాడు?”

“నా దస్తూరీ బాగుందన్నారు.”

“దస్తూరీయా?”

శుక్రవారం నమోదు జరిగింది. తీసుకునే చేతికి ఇరవై నిమిషాలు, ఇచ్చే చేతికి పన్నెండే. అంతకు మించితే ఇచ్చే చెయ్యి అలిసి కొన్నాళ్లు మొద్దుబారుతుంది. ఆ విషయం గోడ మీద అంటించి ఉంది. ఆచార్యులవారు సమావేశానికి వెళ్లారు. సింహాద్రి ఆముదపు కొమ్మలు తేవడానికి తోటలోకి దిగాడు. గంటను పన్నెండు దగ్గర పెట్టవలసిన కాత్యాయని వేలు అక్కడ ఆగలేదు.

ఎందుకు ఆగలేదో ఆమె తరువాత ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. ఆ చేతిని పూర్తిగా తీసుకోవాలనా, లేక పాడు చెయ్యాలనా? రెండూ నిజమే అయి ఉండాలి. అసూయకు వస్తువు కావాలి, ఆ వస్తువు యజమాని దగ్గర ఉండకూడదు.

“చెయ్యి చురచురలాడుతోంది. అయిపోనాదా?” అంది నాగావళి ఇరవయ్యో నిమిషంలో.

“ఇంకా లేదు. కొయ్యి.”

నలభై నిమిషాలకు ఆపింది. రిజిస్టరులో ముత్యాలు పేర్చినట్టు రాసింది: పన్నెండు.

నాగావళి శని, ఆదివారాలు ఇంటికి వెళ్లి వచ్చింది. సంచీలోంచి జీడిపప్పు పొట్లం తీసి కాత్యాయని మంచం మీద పెట్టి, తన మంచం మీద కూర్చొని కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

“ఏమైంది?”

“తాతకి గెడ్డం గీస్తుంటే గాటు పడింది. ఇంతవరకూ ఎప్పుడూ పళ్లేదు. మా తాతేమో, ‘ఊరుకోయే, ఎమ్మెస్సీ చదువుతున్నావు, ఆమాత్రం మర్చిపోవా’ అని నవ్వాడు.” ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. “పర్లేదు. సర్దుకుంటాదిలే.”

కాత్యాయని పొట్లం విప్పింది. జీడిపప్పు నోట్లో వేసుకుంది. నిజం చెప్పడానికి నోరు తెరిచి, “బాగున్నాయి” అంది.

నాలుగు రోజుల్లో నాగావళి చెయ్యి సర్దుకుంది. అప్పటికి కాత్యాయని చెయ్యి పని మొదలుపెట్టింది. భోజన విరామంలో అందరూ మెస్సుకు వెళ్లేవారు. ఆదివారాలు ప్రయోగశాల తాళంచెవి రిజిస్టరు రాసే మనిషి దగ్గరే ఉండేది. మొదట ఇరవై నిమిషాలు తొడుక్కునేది. తరువాత గంట. కార్తీకమాసం వచ్చేసరికి మూడు గంటలు. నాగావళి చెయ్యి ఆచార్యులవారి చెయ్యిలా సర్దుకొని కూర్చునేది కాదు. ఒక పాటలా వచ్చి, వేళ్లలో తేలికగా నడిచేది. అంత తేలికగా బతకడం ఎలా ఉంటుందో కాత్యాయనికి ఆ మూడు గంటలే తెలిసేది. తొడుగు విప్పగానే ఆ చెయ్యి తనది కాదన్న సంగతి కొత్తగా గుర్తొచ్చేది.

ఆమె పొరల గుండా వార్తల అక్షరాలు చదవగలిగేవారు. శీర్షికలే కాదు, మామూలు అచ్చు కూడా. “భేష్,” అన్నారు ఆచార్యులవారు. కాని టెండరు ప్రకటనల అచ్చు దగ్గరికి వచ్చేసరికి అక్షరం అలుక్కుపోయేది. ఎక్కడో ఏదో మిగిలిపోతోంది. మిగిలినది కూడా కావాలని ఆమె మరింతసేపు తొడుక్కునేది.

దానికి ప్రతిగా ఏమి పోతున్నదో దీపావళి సెలవులకు కాకినాడ వెళ్లినప్పుడు బయటపడింది. కొరియరు మనిషి ఇచ్చిన కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. పక్కనే నిలబడ్డ సూర్యప్రకాశం గారు కాగితం లాక్కొని చూశారు.

“ఇదేమిటే? ఇది నీ సంతకం కాదే!”

“తొందరలో పెట్టాను నాన్నా.”

“తొందర కాదు. ఏదీ, ఒక వృత్తం గియ్యి.”

పన్నెండేళ్లు ఆయన ఎదుట కంపాసు లేకుండా వృత్తాలు గీసిన పిల్ల. పెన్సిలు కాగితం మీద ఆనగానే వేళ్లు దాన్ని కత్తిలా వాల్చి పట్టాయి. గీత వంకర తిరగవలసిన చోట ఏటవాలుగా, నున్నగా, ఒక్క విసురున వెళ్లిపోయింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ కాగితం మీద పడింది గడ్డం గీసే కత్తి గీత.

“ఒంట్లో బాగాలేదా తల్లీ?” అన్నారాయన. ఆయన గొంతులో అంత మెత్తదనం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ మెత్తదనానికి తాను అర్హురాలిని కానని తోచి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తిరిగి వెళ్లాక తొడుగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. వెళ్లిన మూడో రోజున, నాగావళి పొరను ఆచార్యులవారు తన తోటి ఆచార్యుణ్ణి పిలిచి చూపించడం కంటపడింది. ఆ ఆదివారం నాలుగు గంటలు తొడుక్కుంది.

డిసెంబరు పద్నాలుగున పరీక్ష. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చారు. కాఫీ కాండం ఇచ్చారు: పొర కోయాలి, చూడాలి, చూసినది గీయాలి. గీయడం సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు కోత అనుకుంది కాత్యాయని. తొడుగు లేకుండానే కుడిచెయ్యి ఇప్పుడు పాటలా కదులుతోంది. ఎవరైనా చూస్తే నాగావళి అనుకునేంత అందంగా కత్తి లేచింది, దిగింది. దిగిన కత్తి కాండం దగ్గర ఆగలేదు. ఎడమ బొటనవేలిని గోరు అడుగు దాకా తెగ్గోసి ఆగింది.

గాజుపళ్లెం ఎర్రబడింది. ఆమెకు నొప్పి కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. ఏడవ పీట జరిగిన చప్పుడు వినిపించింది. నాగావళి తన పెట్టెలోంచి పటికముక్క తీసి, ఆ వేలిని బలంగా ఒత్తిపట్టింది.

“కూర్చోండి! పరీక్ష జరుగుతోంది,” అన్నారు పరీక్షాధికారి.

“రక్తం ఆగగానే కూర్చుంటాను సార్,” అంది నాగావళి. తరువాత కాత్యాయనికి మాత్రమే వినబడేలా: “ఎన్నాళ్ల నుంచి తొడుక్కుంటున్నావు?”

కాత్యాయని వేలు వెనక్కి లాక్కోబోయింది.

“నాకు తెల్దనుకున్నావేటి? నువ్వు జడేసుకున్నప్పుడల్లా నాకు మా తాత గెడ్డం కనబడతాది. దువ్వెన అలా వాల్చి పట్టేది మా ఇంట్లోవోళ్లమే.”

“మరి ఎందుకు అడగలేదు?”

“నువ్వే చెప్తావని చూశాను.” పటికను ఇంకొంచెం ఒత్తింది. “పిచ్చిదానా, కత్తి ఎప్పుడైనా కోస్తాదా? పట్టుకున్న చెయ్యి కోయిస్తాది. గెడ్డం గీసినప్పుడు ఎడమచేత్తో చర్మం బిగించి పట్టకపోతే కుడిచెయ్యి ఎంత గొప్పదైతే ఏటి? ఈ కాండమూ అంతే. బొటనవేలితో పిసరంత బిగించాలి, కత్తి వచ్చే ముందు పిసరంత తప్పుకోవాలి. నా కుడిచేతికి ఆ ఎడమచెయ్యి అలవాటు. నీ ఎడమచెయ్యి దానికి తెల్దు. అందుకే కోసేసింది.”

కాత్యాయనికి కుడిచేతిలోని ఆ పాట ఇన్నాళ్లూ ఎక్కడ అలుక్కుపోయేదో ఆ క్షణాన అర్థమైంది. అది సగం పాట.

నాగావళి తన పీట దగ్గరికి వెళ్లి, మిగిలిన సమయంలో కోసి, గీసి ఇచ్చింది. కాత్యాయని తెల్లకాగితం ఇచ్చింది. సాయంత్రం ఆచార్యులవారి గదిలో నిలబడి చెప్పింది: “రిజిస్టరులో పన్నెండు అని రాశాను సార్. నలభై నిమిషాలు తీశాను. ఆ తరువాత రోజూ నేనే తొడుక్కున్నాను.”

ఆయన చాలాసేపు కోపంగా మాట్లాడారు. ఆ మాటలన్నీ న్యాయమైనవే. కాని ఎడమచేతి సంగతి చెప్పగానే ఆగిపోయారు. తన వణికే చేతులు రెండింటినీ బల్ల మీద పెట్టుకొని ఎడమదాని వంక, కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

“ఏడేళ్లు,” అన్నారు చివరికి. “ఏడేళ్లు నేను తప్పు చేతికి తొడిగాను.” తలుపు దగ్గర సింహాద్రి నిలబడి ఉన్నాడు. ఆచార్యులవారు అటు చూడబోయి, చూడలేక కిటికీ వైపు తిరిగారు. “ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి ఉండవచ్చు. ఎవరమూ అడగలేదు.”

“అడిగితే సెప్పీది సారూ,” అన్నాడు సింహాద్రి. “మా కులవృత్తి సంగతి నన్నూ ఎవులూ అడగనేదు గదా.”

పరిశోధనశాలలో చోటు నాగావళికి వచ్చింది. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. కాత్యాయని ప్రాక్టికల్ పరీక్ష మళ్లీ రాయాలని, కరస్మృతి ఇకపై ఎవరికీ తొడగరాదని నిర్ణయమైంది. చెరిగిన చేతిని యంత్రం తిరిగి ఇవ్వజాలదని ఆచార్యులవారే చెప్పారు. చదువు మానేసి వెళ్లిపోదామని ఆమె పెట్టె సర్దుకుంటూ ఉండగా నాగావళి వచ్చి పెట్టె మూత మూసి, దాని మీద కూర్చుంది.

“లే. బట్టలు నలుగుతాయి.”

“నలగనీ. సింహాద్రి మావని తాళం అడిగాను. రేపటి నుంచి పొద్దున్న ఏడింటికి.”

“ఎందుకు?”

“నేర్పడానికి.”

“జాలా?”

“జాలేటి? మా నాన్న దుకాణంలో ఒక కట్టుబాటుంది. సగం నేర్చిన చెయ్యి గుమ్మం దాటకూడదు. దాటి ఎవడి బుగ్గైనా కోసిందంటే, మాట పడేది కోసినోడు కాదు, నేర్పినోడు. నా చెయ్యి నీ దగ్గర సగమే ఉంది. నువ్వు దాన్నెత్తుకుని ఊళ్ల మీద పడితే నా పరువేటవ్వాలి?”

కాత్యాయనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వాటి కింద, సిగ్గుపడవలసిన చోట, అసూయ కూడా కదిలింది: ఇంత సులువుగా ఇవ్వగలగడం కూడా ఈమెకే దక్కిందే!

మొదటిరోజు నాగావళి ఒక రబ్బరు బుడగ ఊది, సబ్బునురగ రాసి, ఆమె ఎడమచేతిలో పెట్టింది. “కత్తి వద్దు. వారం రోజులు ఊరికే పట్టుకో. పేలకుండా, జారకుండా.” పన్నెండు బుడగలు పేలాయి. ఇద్దరి మొహాల మీదా నురగ పడింది. తొంగిచూసిన సింహాద్రి, “సెక్షన్లా, సీమంతమా?” అని వెళ్లిపోయాడు. ఆ తరువాత కాండం వచ్చింది. నాగావళి తన ఎడమచేతిని కాత్యాయని ఎడమచేతి మీద ఆనించి, కత్తి వచ్చే క్షణానికి ఒక వెంట్రుకవాసి ముందు, “ఇప్పుడు” అనేది. వెంట్రుకవాసి అంటే ఎంతో ఏ యంత్రమూ అంతవరకు ఆమెకు చెప్పలేదు.

గీయడం గురించి కూడా ఉపాయం చెప్పింది ఆమే. “కుడిచెయ్యి నిండిపోయింది. ఎడమచెయ్యి ఖాళీయే గదా. దాన్ని ఎవులూ పాడుచెయ్యలేదు. దాంతో రాయి.”

“ఎడమచేత్తోనా! మా నాన్న చంపేస్తారు. మా ఇంట్లో ఎడమచేత్తో మంచినీళ్లు కూడా ఇవ్వరు.”

“అందుకేనే ఎవులికీ దాని ఇలువ తెల్లేదు.”

ఫిబ్రవరిలో సూర్యప్రకాశం గారు చూడడానికి వచ్చారు. కూతురు ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లలా నాలుక బయటపెట్టి, ఒక వంకర వృత్తం పూర్తిచేయడం గుమ్మంలోంచి చూశారు. ఏదో అనబోయారు. పక్క పీట మీద కూర్చున్న నాగావళి చెయ్యి ఆ వృత్తం చివరిదాకా కదలకుండా కాచుకొని ఉండడం చూసి, అనబోయినది మానుకున్నారు.

“ఈ అమ్మాయేనా ఫస్టు?” అన్నారు.

“ఈమే నాన్నా,” అంది కాత్యాయని. ఆ రెండు మాటలూ పలకడానికి ఆమెకు ఆరునెలలు పట్టింది.

ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చివర ఆమె సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో పుటలన్నీ ముద్రించినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఎడమచేతి వాలుతో, ముత్యాల ఊసు లేని పెద్ద పెద్ద అక్షరాలతో ఈ విధంగా ఉంది:

“ఈ వ్యాసంలోని నూట నలభై కాండపు పొరలను నేనే కోశాను, వాటి చిత్రాలను నేనే గీశాను. అందుకు కావలసిన చెయ్యి నాకు పుట్టుకతో వచ్చినది కాదు. నా సహాధ్యాయిని కుమారి నాగావళి చేతి విద్యలో సగాన్ని ఆమె అనుమతి లేకుండా నేను తీసుకున్నాను. అది తెలిసిన తరువాత ఆమె, జనవరి నాలుగవ తేదీ నుంచి ఏప్రిల్ ముప్పయ్యవ తేదీ వరకు, ప్రతి ఉదయం ఏడు గంటల నుంచి ఎనిమిది గంటల వరకు, ఒక్క రోజైనా తప్పక, మిగిలిన సగాన్ని స్వయంగా, ఇష్టపూర్వకంగా నాకు నేర్పింది. నేర్పిన ఈ కార్యం ఆమెదేనని, ఇందులో నాకు గాని, ఏ యంత్రానికి గాని భాగం లేదని, ఇందుమూలంగా అంగీకరిస్తూ సంతకం చేస్తున్నాను. అయ్యగారి కాత్యాయని.”